పొట్టి తీగ

రైల్వే యార్డులోని కేబిన్ కూలగొట్టడానికి మూడు రోజులు కూడా పట్టలేదు. ముప్పై ఏళ్లుగా రేపు మాపంటూ నెట్టుకొచ్చినవాళ్లు, ప్రమాదం జరిగి నెల తిరక్కుండానే గ్యాస్ కట్టర్లు తెచ్చి, పట్టాలు తిప్పే లివర్లన్నీ మొదలంటా కోసి, తుక్కు లారీ ఎక్కించి చేతులు దులుపుకున్నారు. ఆ పక్కనే బటన్లు నొక్కితే పనిచేసే కొత్త గది వెలిసింది. నేరం మాత్రం లారీ ఎక్కలేదు. అది కేబిన్‌మన్ మెడకు చుట్టుకుని అతనితోపాటు ఇంటికొచ్చింది.

జరిగింది చెప్పాలంటే ఎంతో లేదు. ఆ రోజు పొద్దున ఇంజను ఖాళీ వ్యాగన్లను వెనక్కి నెడుతోంది. అవి మెయిన్ లైను మీద తిన్నగా పోవాలి. పక్క లైనులో ఒక గ్యాంగ్‌మన్ వంగి బోల్టులు బిగిస్తున్నాడు. కేబిన్‌మన్ పాయింటుని, అంటే లైను మార్చే పట్టాని, మెయిన్ లైనుకి తిప్పే ఐదో లివర్ వేశాడు. గోడ మీది పెట్టెలో ఐదో దీపం పచ్చగా వెలిగింది. సిగ్నల్ ఇచ్చాడు. వ్యాగన్లు పక్క లైనులోకి తిరిగాయి. గ్యాంగ్‌మన్‌కి ఎడమకాలు మోకాలి కిందికి లేకుండా పోయింది.

"లివర్ వేశాను సార్, దీపం చూశాను" అన్నాడు కేబిన్‌మన్.

"పాయింటు తిరక్కుండా దీపం ఎలా వెలుగుతుందయ్యా?" అన్నాడు విచారణ అధికారి. "నువ్వు లివర్ మరిచిపోయావు. చప్పుడు విన్నాక గబగబా వేశావు."

కేబిన్ తీగల పటం తీసి బల్ల మీద పరిచి చూపించాడు కూడా. ఆ పాయింటు వంపు అవతల ఉంటుంది, కేబిన్‌కి కనబడదు. అందుకని పాయింటు దగ్గర్నుంచే ఒక తీగ కేబిన్‌దాకా వచ్చి దీపం వెలిగిస్తుంది. పట్టా కదిలితేనే దీపం. పటంలో అంత స్పష్టంగా ఉంది. ఆఖరి విచారణ శుక్రవారం పదకొండింటికి, చెప్పుకునేది ఏదైనా ఉంటే ఆ రోజు తెచ్చుకో అన్నాడు. తెచ్చుకోవడానికి కేబిన్ ఏదీ?

ఆరు వారాలుగా కేబిన్‌మన్ కిటికీ పక్క కుర్చీలోనే ఉన్నాడు. పెడితే తింటాడు, లేకపోతే అడగడు. పలకరిస్తే ఊ అంటాడు. ఒక్కోసారి కూర్చున్నచోటే కుడిచెయ్యి చాచి, పిడికిలి బిగించి, లేని లివర్‌ని లాగి, అలాగే పట్టుకుని ఎదురుగోడకేసి చూస్తాడు. దీపం కోసం చూస్తున్నాడని అతని భార్యకు తెలుసు. 

ఆమెను పనిచేసే చోట అందరూ తీగలక్క అంటారు. కంట్రోల్ పెట్టెలు తయారుచేసే వర్క్‌షాపులో పదిహేనేళ్లుగా తీగలు కలుపుతోంది. ఆమె కట్టిన తీగల కట్ట జడ అల్లినట్టు ఉంటుందని పేరు. కొత్తగా చేరినవాళ్లని మేస్త్రీ ఆమె బల్ల దగ్గరికే తీసుకొచ్చి, "పనంటే ఇదిరా, కళ్లు పెట్టి చూడండి" అనేవాడు. ఆ మాటకి పైకి విసుక్కున్నా లోపల పొంగిపోయేది.

సోమవారం ఆమె వారానికి సెలవు పెట్టి, పై వాటాలో ఉండే డ్రైవర్ బాబాయ్ తలుపు తట్టింది. బాబాయ్ ఇంజన్ డ్రైవర్‌గా రిటైరయ్యాడు. రిటైరైనా రైలు వదల్లేదు. ముందుగదినిండా చెక్కబల్ల వేసి, దాని మీద తను నలభై ఏళ్లు తిరిగిన, ఆ కేబిన్ ఉన్న యార్డునే బొమ్మరైలుగా కట్టుకున్నాడు. పట్టాలు, వంపు, పక్క లైను, అన్నీ లెక్కతప్పకుండా ఉంటాయి. భార్య పోయాక గదిలో మంచం తీసేసి గూడ్స్ షెడ్డు పెట్టాడు.

"బాబాయ్, నీ యార్డు నాకు శుక్రవారందాకా కావాలి" అందామె.

"నా యార్డా? నా ప్రాణం అడుగమ్మాయ్, ఆలోచిస్తాను" అన్నాడు ఆయన. ఆమె మొహం చూసి నవ్వు మింగేశాడు. "దేనికి?"

"మాటల్తో ఆయన గెలవలేరు. నోరు తెరిస్తే సార్ అని ఆగిపోతారు. చేసి చూపిద్దాం. నీ బల్లకి స్విచ్చులున్నాయి. నాకు లివర్లు కావాలి. ఆయన చేతులకి తెలిసింది లివర్లే."

చప్పుడయ్యాక వేశాడన్నది కదా నేరం. ఆమె పట్టుకున్న ఆధారం కూడా అదే. సిగ్నల్ లాగి ఉండగా ఐదో లివర్ కదలదు, అడ్డు పడుతుంది. చప్పుడు విన్నాక వేయాలంటే ముందు సిగ్నల్ లివర్ వెనక్కి వెయ్యాలి, ఐదు వెయ్యాలి, మళ్లీ సిగ్నల్ లాగాలి. మూడు లాగుళ్లు. చప్పుడు విని స్టేషన్ మాస్టర్ మెట్లెక్కి వచ్చేసరికి ఐదో లివర్ వేసి ఉందని, సిగ్నల్ లాగి ఉందని ఆయనే రాసిచ్చాడు. ఆయన రావడానికి ఇరవై అంకెలు లెక్కపెట్టేంత సేపు కూడా పట్టలేదు. ఆ కొద్దిసేపట్లో మూడు లాగుళ్లు ఎవడివల్లా కావని చూపించాలి.

ఆ మధ్యాహ్నమే ఇనుప పట్టీ కొని తెచ్చింది. బాబాయ్ దగ్గరున్న, ఇనుము కదలకుండా పట్టే వైసులో బిగించి, జానెడేసి ముక్కలు ఎనిమిది కోసింది. ఆకురాయితో అంచులు రాసింది. ఒక్కో ముక్కకీ కింది నుంచి రెండంగుళాల దగ్గర బెజ్జం వేసి, ఎనిమిదింటినీ ఒకే ఇరుసుకి గుచ్చి, మధ్య మధ్య వాషర్లు వేసింది. లివర్ ముందుకు లాగితే దాని తోక కింద ఉన్న చిన్న స్విచ్‌ని నొక్కాలి. ఆ స్విచ్ చెక్క కింది మోటారుకి కరెంటు ఇస్తుంది, మోటారు పాయింటుని తిప్పుతుంది. పని మొదలయ్యాక ఆమె తలెత్తలేదు. ఇనుపరజను చెమటకి అంటుకుని మోచేతులదాకా నల్లబడింది. ఆరు వారాల్లో చేతులకి ఒక పని దొరికింది అదే మొదలు.

*

మంగళవారం లివర్లకి రంగులు వేసింది. సిగ్నల్‌కి ఎరుపు, పాయింట్లకి నలుపు. ఎదురు లివర్ లాగి ఉంటే ఇది కదలకుండా కింద అడ్డుపట్టీలు పెట్టింది. అడ్డు ఎక్కడ పడాలో ఆమెకు తెలియదు. కిందికి వెళ్లి కుర్చీ ముందు నిలబడింది.

"సిగ్నల్ లివర్ మూడోది వేసుంటే ఆరు కదులుతుందా?"

కేబిన్‌మన్ ఆమె చేతులకేసి చూశాడు. "ఏం చేస్తున్నావు?"

"అడిగినదానికి చెప్పండి."

"కదలదు. ఏడు కూడా కదలదు." కుర్చీలో ముందుకు వంగి, "ఎవరు చెప్పారు నీకు, ఆరు అని?" అన్నాడు.

"ఎవరూ చెప్పలేదు. అందుకే పైకి రండి."

మెట్ల దగ్గర ఒకసారి ఆగాడు. మళ్లీ ఎక్కాడు. గదిలోకి రాగానే లివర్ల వరస ముందు నిలబడ్డాడు. ఆ తర్వాత అటూ ఇటూ దేనికోసమో వెతికాడు. ఆమెకు అర్థం కాలేదు. బాబాయ్‌కి అర్థమై, భుజం మీది తువ్వాలు తీసి ఇచ్చాడు. చేతి తడి తగిలితే లివర్ పిడి తుప్పు పడుతుందని కేబిన్లలో ఎవరూ ఉత్త చేత్తో పట్టుకోరు. జానెడంత బొమ్మ లివర్ని అతను తువ్వాలుతో పట్టుకున్నాడు. బాబాయ్ కిటికీ బయటికి చూస్తూ నిలబడ్డాడు.

"నేను చప్పుడు అంటాను. అనగానే మొదలుపెట్టండి" అందామె. "బాబాయ్, లెక్కపెట్టు."

చప్పుడు అంది. అతను మూడోది వెనక్కి వేశాడు, ఐదోది లాగాడు, మళ్లీ మూడోది లాగాడు.

"ఏడు" అన్నాడు బాబాయ్.

ఇరవై అనుకుంటే ఏడు.

"ఇంకోసారి" అందామె.

ఈసారి ఆరు.

"బొమ్మ కదే" అన్నాడు కేబిన్‌మన్ నెమ్మదిగా. "నిజం లివర్ అయితే కాలు తన్నిపెట్టాలి, ఒళ్లంతా వాల్చాలి. వంపు అవతలిదాకా కడ్డీ కదలాలి. ఇది వేలితో వస్తుంది."

"స్ప్రింగులు వేస్తాను. బిగువైనవి."

"బిగువు నువ్వు పెట్టిందే కదా అంటాడు ఆయన. అనడా?"

అంటాడు. ఆమెకీ తెలుసు. రెండు రోజుల చాకిరీ చేసి, మొగుడు నేరం చేయగలడని చక్కగా రుజువు చేసి పెట్టింది. ఆమె నేల మీద చతికిలబడింది. ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఆయన మీదా, అధికారి మీదా, తన మీదా, అందరి మీదా మండింది.

"పోనీ దీపాలైనా పెట్టమ్మాయ్" అన్నాడు బాబాయ్, ఏదో ఒకటి అనాలని. "దీపాల్లేని కేబిన్ బోసిగా ఉంది. ఏం అల్లుడూ, నీ కేబిన్‌లో దీపాల పెట్టె మా అమ్మాయి చేసిందేగా? పెళ్లికి ముందే దాన్ని కాపురానికి పంపించిందని మేమంతా నవ్వుకోలేదూ?"

కేబిన్‌మన్ పెదాలు కాస్త కదిలాయి. నవ్వే అయ్యుంటుంది. అదొక్కటి చూసి ఆమె దీపాలు పెట్టాలనుకుంది.

*

బుధవారం పొద్దుటే కూర్చుంది. రేకు ముక్క మీద ఎనిమిది బెజ్జాలు, వాటిలో ఎనిమిది పచ్చ దీపాలు, వెనక తీగలు బిగించే టెర్మినళ్లు రెండు వరసలు. తీగ కొస చెక్కి, పోగులు మెలిపెట్టి, టంకం కడ్డీ ఆనించి, ఒక్క బొట్టు పడగానే తీసేసేది. పొగ మొహానికి తగలకుండా పెదవి బిగించి పక్కకి ఊదడం ఆమె అలవాటు. లివర్ నుంచి మోటారుకి పోయే తీగలన్నీ ముందు పూర్తిచేసింది. బాబాయ్ కొన్న మోటార్లు మంచివి. పాయింటు పూర్తిగా తిరిగితే మోటారు కొసనున్న చిన్న కాంటాక్టు కలుస్తుంది. అక్కడినుంచి తీగ తెచ్చి దీపానికి కలపాలి. అందుకు చెక్క కిందికి దూరి, వెల్లకిలా పడుకుని, ఎనిమిది తీగలు లాగాలి.

"అది మధ్యాహ్నం చేద్దాం. ముందు దీపాలు వెలుగుతున్నాయో లేదో చూస్తాను" అంది.

లివర్ స్విచ్‌లో తీగ అతికించే కాలు ఒకటి వాడకుండా మిగిలి ఉంది. దాన్నుంచి దీపం టెర్మినల్‌కి వేలెడంత తీగ ముక్క కలిపింది. ఎనిమిదింటికీ కలిపింది. చెయ్యి ఊరుకోక వాటినీ మిగతావాటితో కలిపి మైనపుదారంతో కుట్టేసింది. అంగుళానికో ముడి. వెనకనుంచి చూస్తే ఏది పొడుగు తీగో ఏది పొట్టి తీగో తెలియదు.

"ఏదీ, వెయ్యండి" అంది.

కేబిన్‌మన్ తువ్వాలుతో ఐదో లివర్ పట్టుకుని లాగాడు. ఐదో దీపం పచ్చగా వెలిగింది. అతను చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత సిగ్నల్ లాగాడు. బాబాయ్ ఉత్సాహం ఆపుకోలేక ఇంజను వదిలాడు. నాలుగు ఖాళీ వ్యాగన్లు టకటకమంటూ వెనక్కి జరిగాయి. వంపు దాటాయి. అక్కడ మెయిన్ లైను వదిలేసి పక్క లైనులోకి తిరిగి, గూడ్స్ షెడ్డుకి గుద్దుకుని బోల్తా పడ్డాయి.

"ఓరి నీ!" అన్నాడు బాబాయ్. వంగి చూశాడు. పాయింటు నోట్లో ఆవగింజంత కంకర ఇరుక్కుంది. పట్టా కదలలేదు.

కేబిన్‌మన్ కదల్లేదు. కుడిచెయ్యి లివర్ మీదే ఉంది. "ఇదే" అన్నాడు. "ఇదే జరిగింది. లివర్ వేశాను. దీపం వెలిగింది. వాళ్లు వినలేదు. ఇదే." గోడకి ఆనుకుని, చేతుల్లో మొహం పెట్టుకుని బావురుమన్నాడు. ఆరు వారాల ఏడుపు ఒక్కసారిగా వచ్చింది.

ఆమె అతని తల పట్టుకుని పొట్టకి హత్తుకుంది. నవ్వుతోంది, ఏడుస్తోంది. "చాలు. ఇది చాలు. ఇది చూపిస్తే చాలు" అంటోంది.

"అంతా బాగానే ఉంది గానీ అమ్మాయ్" అన్నాడు బాబాయ్, కళ్లజోడు సర్దుకుంటూ. "పట్టా తిరగలేదుగా. మరి దీపం ఎలా వెలిగింది?"

"అదా? మోటారు తీగలు ఇంకా లాగలేదుగా బాబాయ్. టెస్టింగ్ కోసం లివర్ దగ్గర్నుంచే పొట్టి తీగ వేశాను. షాపులో ఎప్పుడూ..."

అక్కడ ఆగిపోయింది.

షాపులో ఎప్పుడూ అంతే. పెట్టె తయారయ్యేటప్పటికి పాయింటు ఉండదు, అది ఎక్కడో ఊరవతల ఉంటుంది. దీపం వెలుగుతోందో లేదో చూడ్డానికి లివర్ వైపు నుంచి పొట్టి తీగ వేస్తారు. పెట్టె బిగించే చోట అసలు తీగ కలిపాక దాన్ని పీకేస్తారు. కనబడాలని పొట్టి తీగ ఎప్పుడూ పసుపుదే వేస్తారు. పెట్టెలో పసుపు కనిపిస్తే పీకెయ్యమని అర్థం. అది ప్రతి పనివాడికీ తెలుసు.

పన్నెండేళ్ల కిందట ఒక వారం పసుపు చుట్ట అయిపోయింది. మేస్త్రీ హడావుడిలో ఉన్నాడు. "బూడిదరంగుది వేసెయ్, వాళ్లకి తెలియదా ఏంటి?" అన్నాడు. ఆమె వేసేసింది. వేసి ఊరుకోలేదు. మిగతావన్నీ బూడిదరంగువే కాబట్టి వాటితో కలిపి, అంగుళానికో ముడి వేసి, జడ అల్లినట్టు కుట్టేసింది. మేస్త్రీ నలుగురినీ పిలిచి చూపించాడు.

ఆమె చెయ్యి అతని తల మీదే ఉండిపోయింది.

*

గురువారం పొద్దున ఆమె మేస్త్రీ ఇంటికెళ్లింది. ఆయన ఇప్పుడు వర్క్‌షాపు మొత్తానికీ పెద్ద. పక్కింటివాళ్లు చూస్తున్నారని లోపలికి రమ్మన్నాడు. ఆమె చెప్పింది విన్నాడు. లేచి తలుపు దగ్గరగా వేశాడు.

"పన్నెండేళ్ల కిందటి మాట నీకెలా గుర్తుందమ్మా?"

"చేతికి గుర్తుంది మేస్త్రీ గారూ."

"చేతికి గుర్తుంటే విచారణలో పనికొస్తుందా? ఆ పెట్టె తుక్కులో పోయింది. పటంలో లేదు. బిగించినవాడు చూసుకోవాలి, వాడెవడో, ఉన్నాడో పోయాడో. నువ్వు లేచి నేనే వేశానంటే ఏమవుతుందో తెలుసా? నిన్ను తీసేస్తారు. నన్నూ పిలుస్తారు. మీ ఆయనకి ఎలాగూ పని లేదు. ఇద్దరూ కిటికీ పక్కన కూర్చుంటారా?"

"మరి ఆయన?"

"ఆయన లివర్ మరిచిపోయాడేమో. మనిషన్నాక మరిచిపోడా? ఎవరైనా చచ్చారా?" అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఇన్నాళ్లు తీగలు కుట్టావు. ఒక్కసారి నోరు కుట్టుకో, అంతే" అన్నాడు.

ఆమె లేచి వచ్చేసింది. ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు. భయస్తుడి మాటలో సగం నిజం ఉండటం వల్లే కాళ్లు ఈడ్చుకుంటూ నడవాల్సి వచ్చింది. కాలు పోయిన మనిషి బతికే ఉన్నాడు కదా అని ఎంత తేలిగ్గా అనగలిగాడు! తనైనా ఈ ఆరు వారాల్లో ఆ మనిషిని చూడ్డానికి వెళ్లిందా? మా ఆయన తప్పు లేదు అనుకుంటూ ఇంట్లో కూర్చుంది.

కేబిన్‌మన్ కుర్చీలో లేడు. స్టవ్ దగ్గర నిలబడి టీ కాస్తున్నాడు. గడ్డం గీసుకున్నాడు. రేపు ఏం చెప్పాలో గొణుక్కుంటున్నాడు. అతని మొహంలో ఆ కాస్త వెలుగు చూశాక చెప్పడానికి నోరు రాలేదు. రెండు గ్లాసుల్లో పోసేదాకా ఆగి, అప్పుడు చెప్పింది. పసుపు చుట్ట, బూడిదరంగు తీగ, దారం, అన్నీ వరసగా చెప్పేసింది.

అతను గ్లాసు పక్కన పెట్టాడు.

"పన్నెండేళ్లు ఆ దీపాన్ని చూశాను" అన్నాడు. "వర్షంలో, మంచులో ఏమీ కనబడకపోయినా అది ఉందిలే అనుకున్నాను. నువ్వు చేసిందని ఇంకా నమ్మాను."

ఆమె తల దించుకుంది.

"తిట్టండి."

"ఇప్పుడు కాదు." లేచి కిటికీదాకా వెళ్లి వచ్చాడు. "చూడు. రేపు బాబాయ్ చెక్క చూపిద్దాం. ఇలా జరిగి ఉండొచ్చు అందాం. ఎవరు వేశారో తెలియదు అందాం. నీ పేరు రానివ్వద్దు. ఒక ఇంట్లో ఒకళ్లు చాలు."

"నమ్మకపోతే?"

"నమ్మకపోతే పోనీ."

"పోనీ ఏంటి? మీరు మళ్లీ ఆ కుర్చీలో కూర్చుంటే నేను చూస్తూ బతకాలా?"

"నిన్ను ఆ కుర్చీలో చూస్తూ నేను బతకాలా?" అని అరిచాడు. అరిచాక తనే ఉలిక్కిపడి, చల్లారిన టీ ఎత్తి గడగడా తాగేశాడు.

*

శుక్రవారం బాబాయ్ తన బల్లని రంపంతో కోశాడు. వంపూ, ఐదో పాయింటూ, పక్క లైనూ ఉన్న ముక్క మాత్రం వేరుచేసి, లివర్లతో సహా ఆటోలో ఎక్కించాడు. "మళ్లీ అతికించుకుంటాలే" అన్నాడు. కోసేటప్పుడు మాత్రం మొహం పక్కకి తిప్పుకున్నాడు.

విచారణ గదిలో పొడుగు బల్ల, దాని వెనక అధికారి, ఒక రాతగుమాస్తా. గోడ పక్క బెంచీ మీద గ్యాంగ్‌మన్ కూర్చున్నాడు. ప్యాంటు ఎడమకాలు మోకాలి దగ్గర మడిచి పిన్నులు పెట్టి ఉంది. చంకకర్రలు గోడకి ఆనించి ఉన్నాయి. తీగలక్క అతనికేసి చూడలేక పాయింటులో కంకర పెట్టే పనిలో పడింది.

కేబిన్‌మన్ లివర్ వేశాడు. దీపం వెలిగింది. వ్యాగన్లు పక్క లైనులోకి పోయాయి.

అధికారి ముందుకు వంగి చూశాడు. ఇంకోసారి చెయ్యమన్నాడు. ఇంకోసారి కూడా అదే జరిగింది. గడియారం చూసుకున్నాడు.

"బాగుంది. తెలివైనవాళ్లే. కానీ ఇది మీరు ఇలా కలిపారు కాబట్టి ఇలా వెలిగింది. అసలు పెట్టె ఇలా లేదు." పటం మీద వేలు పెట్టాడు. "ఇందులో పాయింటు దగ్గర్నుంచే తీగ ఉంది. ఈ పొట్టి తీగ ఎక్కడుంది? చూపించండి."

"పటంలో లేదు సార్" అంది తీగలక్క.

"మరి?"

"పెట్టెలో ఉంది."

"నీకెలా తెలుసు?"

"సార్, ఆవిడకేం తెలియదు" అన్నాడు కేబిన్‌మన్ అడ్డం వచ్చి. "నా కోసం ఏదో చెబుతోంది. మీరు రాసుకోండి సార్. నేనే వెయ్యలేదు. నేనే మరిచిపోయాను. రాసుకోండి."

రాతగుమాస్తా కలం ఎత్తాడు.

"అబద్ధం" అందామె. "రాయకండి. ఆ తీగ వేసింది నేను. ఆ పెట్టె మా షాపులో చేసిందే, నా బల్ల మీద చేసిందే. పసుపు తీగ వెయ్యాలి, బూడిదరంగుది వేశాను. అందరికీ కనబడాల్సినదాన్ని కనబడకుండా కుట్టేశాను. అందుకే బిగించినవాళ్లు పీకలేదు. ఈయన లివర్ వేశారు. దీపం అబద్ధం చెప్పింది."

అధికారి వెనక్కి ఆనుకున్నాడు. ఈ మాటలు నమ్మాలో వద్దో అతనికే తెలియనట్టుంది. "ఆ పెట్టె ఇప్పుడు లేదమ్మా. నీ మాట తప్ప సాక్ష్యం ఏముంది? మొగుడి కోసం ఏ భార్య అయినా ఈ మాట చెబుతుంది."

కేబిన్‌మన్ నెమ్మదిగా ఆమె మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. గుమాస్తా మళ్లీ కలం ఎత్తాడు.

అప్పుడు బెంచీ మీంచి గ్యాంగ్‌మన్ అన్నాడు: "పసుపు చుట్ట ఎన్నాళ్లు లేదమ్మా?"

ఆమె మొదటిసారి అతనికేసి తిరిగింది. చిన్నవాడే. ముప్పై కూడా ఉండవు.

"వారం."

"వారంలో ఎన్ని పెట్టెలు చేశావు?"

ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ఇన్ని రోజులు తన ఇంటినీ, తన మొగుణ్ణీ, ఆ ఒక్క పెట్టెనీ తప్ప మరి దేన్నీ చూడలేదు.

"ఏడు" అంది. "నావి ఏడు. పక్కబల్ల అమ్మాయి నన్ను చూసి ఏడు. మొత్తం పద్నాలుగు."

గుమాస్తా కలం కింద పెట్టాడు.

"అవి ఎక్కడున్నాయి?" అన్నాడు అధికారి. గొంతు మారింది.

"రెండు బల్లల పెట్టెలకీ మూతల లోపల చేరాల్సిన యార్డు పేరు నేనే రాసేదాన్ని. ఏది విప్పి చూసినా వెనక మూడో వరసలో ఉంటుంది సార్, బూడిదరంగుది, వేలెడంత. దారం కోస్తే గానీ కనబడదు."

"సరే. పైవాళ్లకి ఉత్తరం రాస్తాను. సోమవారం..."

"ఉత్తరమా సార్?" అన్నాడు కేబిన్‌మన్. ఆరు వారాల్లో ఎవరూ వినని గొంతు అది, లివర్ల మధ్య నిలబడి డ్రైవర్లకి కేకలు వేసిన గొంతు. "పదకొండున్నరకి అన్ని యార్డుల్లోనూ షంటింగ్ ఉంటుంది. ఇప్పుడు పదకొండూ ఇరవై. ఎవడో ఆ దీపం చూసి సిగ్నల్ లాగుతాడు. ఫోన్ చెయ్యండి. దీపాన్ని నమ్మొద్దు, మనిషిని పంపి పట్టా కళ్లతో చూడమనండి. చెయ్యండి సార్!"

అధికారి ఫోన్ దగ్గరికి లాక్కున్నాడు. గుమాస్తా కొత్త కాగితం తీశాడు. తీగలక్క కళ్లు మూసుకుని మూతలు ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంటూ యార్డుల పేర్లు చెప్పసాగింది. ఒక్కోచోట ఆగిపోతే, ఆ లైన్ల మీద తిరిగిన బాబాయ్ అందించాడు. పేరు చెప్పిన వెంటనే అధికారి అక్కడికి ఫోన్ చేసి, కేబిన్‌మన్ అన్న మాటే పొల్లుపోకుండా అనసాగాడు. "దీపాన్ని నమ్మకండి. మనిషిని పంపండి." కేబిన్‌మన్ బల్ల అంచు రెండు చేతులా పట్టుకుని ఆ మాట ప్రతిసారీ విన్నాడు.

గ్యాంగ్‌మన్ బెంచీ మీద కాస్త జరిగి, ఆమె కూర్చోడానికి చోటిచ్చాడు. ఆమె కూర్చోలేకపోయింది.

గుమాస్తా కలంతో వరస లెక్కపెట్టాడు. "పదమూడే వచ్చాయమ్మా. పద్నాలుగోది?"

తీగలక్క బెంచీకేసి చూసింది.

"అది రాయక్కర్లేదులే సార్" అన్నాడు గ్యాంగ్‌మన్. "దానికి ఫోన్ చెయ్యాల్సిన పని లేదు."